వర్క్‌షాప్‌లో మొదటి పాఠం ఎలా చెప్పాలి?

ఆటోనగర్‌లో ఆరేడేళ్లు పనిచేసిన మంచి ఫిట్టర్‌ను తీసుకొచ్చి ఐటీఐ వర్క్‌షాప్‌లో ఇరవై మంది ముందు నిలబెట్టి, "హ్యాక్సాతో కోయడం నేర్పు తమ్మీ" అనండి. అతను ముక్కను వైస్‌లో బిగించి, రెండు నిమిషాల్లో గీత మీదుగా నున్నగా కోసి, "ఇంతే" అంటాడు. చూసినవాళ్లంతా తలూపుతారు. తర్వాత హ్యాక్సా చేతికిస్తే సగం మంది బ్లేడును తిరగేసి బిగిస్తారు, మిగతా సగం మంది దాన్ని విరగ్గొడతారు.

తప్పు ఆ ఫిట్టర్‌ది కాదు. పని చేతికి బాగా వచ్చాక అది మాటల్లోంచి జారిపోతుంది. బ్లేడు పళ్లు ముందుకు ఉండాలని, ముందుకు తోసేటప్పుడే ఒత్తాలని, వెనక్కి లాగేటప్పుడు ఒత్తిడి వదలాలని అతని చేతికి తెలుసు, నోటికి గుర్తుండదు. చేతిలో ముడిపడిపోయిన పనిని మళ్లీ విప్పి, ఒక్కో పోగు విడివిడిగా పరిచి, కొత్త చేతికి అందించడమే వృత్తివిద్యా బోధన. అది పుస్తకంలో దొరకదు, నిజమైన పిల్లల ముందు నిలబడితేనే వస్తుంది. బోధనాభ్యాసం కోసం వరంగల్‌లోని ఏదైనా ఐటీఐకి మొదటిసారి వెళ్లబోతున్న మీ కోసం ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ఇంటర్ వొకేషనల్ చెప్పబోయేవారికి, పాలిటెక్నిక్ ల్యాబుల్లో చేరబోయేవారికి కూడా ఇవి పనికొస్తాయి.

దారి ఎటు?

ఐటీఐ పిల్లలకు నేర్పే పథకం పేరు సీటీఎస్. వాళ్లకు నేర్పేవాళ్లను తయారుచేసేది సీఐటీఎస్. ఈ రెండింటిలో ముందు మొదలైంది రెండోదే. ఇన్‌స్ట్రక్టర్లకు శిక్షణ 1948లో బిలాస్‌పూర్ దగ్గరి కోనిలో మొదలైతే, ఐటీఐల పథకం 1950లో వచ్చింది. ముందు గురువును తయారుచేసి తర్వాత బడి తెరిచిన ఆ వరుస నాకెంతో నచ్చుతుంది.

మన జిల్లా వాళ్లకు దగ్గరగా ఉన్నవి హైదరాబాద్‌లో విద్యానగర్, రామంతాపూర్‌లలోని జాతీయ నైపుణ్య శిక్షణ సంస్థలు. పాతవాళ్ల నోట ఇప్పటికీ అవి "ఏటీఐ"లే. కోర్సు ఏడాది, మొత్తం 1200 గంటలు. అందులో 750 గంటలు ట్రేడ్‌కు, 450 గంటలు బోధనా పద్ధతులకు. ఆ 450లో 270 గంటలు ప్రాక్టికల్. అంటే పాఠం తయారుచేయడం, చెప్పడం, చెప్పినదాన్ని సరిదిద్దుకోవడం.

అయితే ఆ పాఠాల్లో ఎక్కువ భాగం మీరు తోటి ట్రైనీల ముందే చెబుతారు. వాళ్లకు పని వచ్చు. వెర్నియర్ చదవడం మీరు తప్పుగా చెప్పినా వాళ్లు సరిగ్గానే చదువుతారు. అందుకే నా సలహా ఏమిటంటే, ఏమీ రాని పిల్లల ముందు కనీసం రెండు వారాలు గడిపే అవకాశం వెతుక్కోండి. మీ సంస్థ నుంచి లేఖ తీసుకుని ఐటీఐ ప్రిన్సిపాల్‌ను కలవండి. ఆయన అనుమతి దొరికాక మీ ట్రేడ్ చూసే ఏటీఓ (అసిస్టెంట్ ట్రైనింగ్ ఆఫీసర్) గారి దగ్గరికి విడిగా వెళ్లండి. ఆ రెండు వారాలూ మీ గురువు ఆయనే. సెషన్ మొదలైన రెండు మూడు నెలల్లో వెళ్తే పిల్లలు ఇంకా ప్రాథమిక పనుల్లోనే ఉంటారు. పరీక్షల ముందు వెళ్తే ఎవరికీ మీతో మాట్లాడే తీరిక ఉండదు.

మొదటి వారం: నోరు మూసి, కళ్లు తెరిచి

చేరిన రోజే పాఠం చెబుతానని ముందుకు దూకకండి. ఒక నోటుబుక్కు తీసుకుని వెనక నిలబడండి. ఏటీఓ గారు ఏం చేశారో ఒకవైపు, ఆ సమయంలో పిల్లలు ఏం చేస్తున్నారో మరోవైపు, పక్కన గడియారం ఎంతైందో రాయండి. రెండో రోజుకే ఒక సంగతి కనిపిస్తుంది. బల్ల చుట్టూ గుంపుగా నిలబడినప్పుడు ముందు వరసలో ఉన్న ఐదారుగురే చూస్తున్నారు. వెనకవాళ్లకు కనిపించేది ముందువాళ్ల వీపులే. మీరు డెమో ఇచ్చే రోజున వాళ్లను ఎలా నిలబెట్టాలో అప్పుడే ఆలోచించుకోవాలి.

పిల్లలు ఎక్కడి నుంచి వస్తున్నారో తెలుసుకోండి. వర్ధన్నపేట నుంచో, పరకాల నుంచో, నర్సంపేట అవతలి తండా నుంచో బస్ పాస్ మీద వచ్చే పిల్లవాడు పొద్దున్నే టిఫిన్ డబ్బా పట్టుకుని బయల్దేరి ఉంటాడు. సాయంత్రం బస్సు తప్పితే మళ్లీ ఎప్పుడో. చివరి అరగంటలో అతని చూపు గోడ గడియారం మీద ఉంటే అది అశ్రద్ధ అనుకోకండి. ముఖ్యమైన సంగతిని పొద్దున పెట్టండి.

భాష కూడా వినండి. ఒకే బెంచీ మీద ఇంట్లో లంబాడీ మాట్లాడేవాడు, ఉర్దూ మాట్లాడేవాడు, తెలుగు మాట్లాడేవాడు పక్కపక్కన ఉంటారు. పరీక్షలో ఫైల్ అని ఉంటుంది, ఊళ్లో కమ్మరి ఆకురాయి అంటాడు. పరీక్షలో స్పానర్, షెడ్డులో పానా. రెండు మాటలూ చెప్పండి. పనిముట్టును చేత్తో పట్టుకుని చూపిస్తూ చెప్పండి. తనకు తెలిసిన మాట మీ నోట వింటే పిల్లవాడు ఒక అడుగు దగ్గరికి వస్తాడు. కొత్త మాట వినకపోతే పరీక్షలో, ఉద్యోగంలో తడబడతాడు. ఏ ఒక్కటి వదిలేసినా నష్టం అతనికే.

ఫిట్టర్, వెల్డర్, డీజిల్ మెకానిక్ క్లాసుల్లో అమ్మాయిలు తక్కువ. వాళ్లు ఉన్నచోట రిజిస్టర్ రాయడానికో, ఊడవడానికో వాళ్లనే పిలవడం నేను చూశాను. మీ పాఠంలో పనిముట్టు మొదట వాళ్ల చేతికే వెళ్లేలా చూడండి.

ఇదే వారంలో స్టోర్‌కు వెళ్లి లెక్క చూసుకోండి. పనిచేసే వైస్‌లు ఎన్ని, వెర్నియర్లు ఎన్ని, ఎంఎస్ ఫ్లాట్ ముక్కలు ఎన్ని, బ్లేడ్లు ఎన్ని. ఇరవై మందికి ఏడు వెర్నియర్లుంటే మీ పాఠం ఏడు గుంపుల పాఠం. కావలసిన సామాను ఇండెంట్ రెండు రోజుల ముందే పెట్టండి. పాఠం రోజు పొద్దున స్టోర్ తాళం కోసం పరుగెత్తిన మనిషి ప్రశాంతంగా బోధించలేడు.

కాగితం మీద పాఠం

థియరీకి లెసన్ ప్లాన్, పనికి డెమాన్‌స్ట్రేషన్ ప్లాన్ అని రెండు రాయమంటారు. ఈ రెండింటికీ వెన్నెముకగా ఉన్న నాలుగు మెట్లు వందేళ్ల కిందటివి. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా ఓడల కార్ఖానాలకు కార్మికులు త్వరగా కావలసి వచ్చినప్పుడు చార్లెస్ అలెన్ అనే ఆయన పనివాళ్లనే బోధకులుగా మార్చే బాధ్యత తీసుకున్నాడు. 1919లో వచ్చిన ఆయన పుస్తకంలో ఈ మెట్లు ఉన్నాయి. మొదట పిల్లల మనసును సిద్ధం చేయాలి. తర్వాత విషయం చెప్పి చూపించాలి. తర్వాత వాళ్లచేత చేయించాలి. చివర, సాయం లేకుండా చేయగలుగుతున్నారో లేదో చూడాలి. మన ఐటీఐ పాఠాలు ఇప్పటికీ ఈ నాలుగింటి మీదే నడుస్తున్నాయి.

కొత్తవాళ్లు రెండో మెట్టు మీదే కాలమంతా గడిపేస్తారు. నలభై నిమిషాల్లో ముప్పై నిమిషాలు మనమే మాట్లాడి, మిగతా పదిలో ఇరవై మందిచేత చేయించాలని చూస్తాం. ప్లాన్ రాసేటప్పుడే గీత గీసుకోండి. మీ మాటకు మూడో వంతుకు మించి ఇవ్వకండి.

పనిని విడదీసి రాయడానికి ఒక మంచి ఉపాయం ఉంది. ఇంట్లో ఒకరిని కూర్చోబెట్టి, మీరు పని చేస్తూ ప్రతి కదలికనూ పైకి చెప్పండి, వాళ్లను రాయమనండి. పని తెలియని అమ్మనో, చెల్లెలినో అయితే ఇంకా మంచిది. "పళ్లు ఎటు ఉండాలి?", "ఎంత గట్టిగా బిగించాలి?" అని వాళ్లు అడిగిన ప్రతి చోటా ఒక కీలకం దాగి ఉంటుంది. ఆ కీలకాలన్నీ ఎర్రసిరాతో ప్లాన్‌లోకి ఎక్కించండి.

ముప్పై ఆరు నిమిషాల సాధన

పిల్లల ముందుకు వెళ్లే ముందు మైక్రో టీచింగ్ చేయండి. 1960ల్లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఈ పద్ధతిని మన దేశంలో 36 నిమిషాల చక్రంగా స్థిరపరిచారు. ఆరు నిమిషాలు చెప్పడం, ఆరు నిమిషాలు విమర్శ వినడం, పన్నెండు నిమిషాలు పాఠాన్ని తిరగరాసుకోవడం, ఆరు నిమిషాలు మళ్లీ చెప్పడం, ఆరు నిమిషాలు మళ్లీ వినడం. ఒక్కో చక్రంలో ఒక్క నైపుణ్యమే పట్టుకోవాలి. ప్రశ్న అడగడం ఒకరోజు, బోర్డు వాడకం మరోరోజు.

ప్రశ్న అడగడం నేర్చుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. "అర్థమైందా?" అన్నది ప్రశ్నే కాదు. "అయ్యింది సార్" అని ఇరవై గొంతులు ఒకేసారి పలుకుతాయి, పాఠం అక్కడే ఆగిపోతుంది. ముందు ప్రశ్న వేయండి, నాలుగైదు క్షణాలు ఆగండి, ఆ తర్వాత పేరు పిలవండి. పేరు ముందే పిలిస్తే మిగతా పందొమ్మిది మంది ఆలోచించడం మానేస్తారు.

ఒక పాఠం, మొదటి నుంచి చివరిదాకా

మాటల కంటే ఉదాహరణ మేలు కనుక వెర్నియర్ కాలిపర్ పాఠాన్నే తీసుకుందాం. ఫిట్టర్ పిల్లలు తొలి నెలల్లో భయపడేది దీనికే.

ముందురోజు సాయంత్రం రెండు ఉక్కు పిన్నులు సిద్ధం చేసుకోండి. ఒకటి సరిగ్గా 20 మిల్లీమీటర్లు, రెండోది దానికంటే 0.3 మిల్లీమీటర్లు లావు. మొదటిదే పట్టేలా ఒక పలకకు బెజ్జం వేయించండి. ఒక అట్ట మీద పెద్ద వెర్నియర్ నమూనా గీయండి. పై స్కేలులో ఒక్కో గడి 5 సెంటీమీటర్లు, కింద జరిగే పట్టీలో ఒక్కో గడి నాలుగున్నర సెంటీమీటర్లు. పైన తొమ్మిది గడులు, కింద పది గడులు సరిగ్గా ఒకే పొడవుకు వస్తాయి. చివరి వరసలో ఉన్నవాళ్లకు కూడా కనిపిస్తుంది, ఖర్చు లేదు. ఇక ఏడెనిమిది ఉక్కు ముక్కలకు నంబర్లు వేసి, వాటి కొలతలు ముందే మీరు తీసి చీటీ మీద రాసి జేబులో పెట్టుకోండి. ప్రతి వెర్నియర్‌కూ సున్నా సరిపోతోందో లేదో చూసి, తేడా ఉన్నదాన్ని పక్కన పెట్టండి.

పాఠం రోజు నిర్వచనంతో మొదలుపెట్టకండి. రెండు పిన్నులూ ఇద్దరి చేతికిచ్చి స్టీల్ రూల్‌తో కొలవమనండి. ఇద్దరూ "ఇరవై సార్" అంటారు. ఇప్పుడు బెజ్జంలో పెట్టమనండి. ఒకటి జారుతుంది, రెండోది దిగదు. గది ఒక్కసారి నిశ్శబ్దమవుతుంది. "రెండూ ఇరవయ్యే అయితే ఇది ఎందుకు పోతలేదు?" అని ఎవరో ఒకరు అడుగుతారు. ఆ ప్రశ్న మీ నోట కాకుండా వాళ్ల నోట రావాలి. స్టీల్ రూల్‌లో అరమిల్లీమీటరు కంటే చిన్న గీత లేదని, అంతకంటే సన్నని తేడాను పట్టే పనిముట్టు కావాలని అప్పుడు చెప్పండి. మొదటి మెట్టు అయిపోయింది.

తర్వాత అట్ట నమూనా. వెనక నిలబడిన ఒకరిని పిలిచి పట్టీని జరపమనండి. ఏ గీత ఏ గీతతో కలిసిందో మిగతావాళ్లను చెప్పమనండి. నమూనాలో ఒక గడి తేడా పదో వంతు. అది అర్థమయ్యాకే అసలు వెర్నియర్‌కు రండి. అక్కడ 49 మిల్లీమీటర్లను 50 భాగాలు చేశారు, కాబట్టి ఒక్కో గడి 0.98, తేడా 0.02. బోర్డు మీద ఒక్క లెక్క చేయండి. వెర్నియర్ సున్నా 23 దాటింది, పదిహేడో గీత పైగీతతో కలిసింది, 17ను 0.02తో గుణిస్తే 0.34, కొలత 23.34.

ఇక్కడ సగం మంది 23.17 అని రాస్తారు. "తప్పు" అనకండి. "ఒక్కో గీత విలువ ఎంత బిడ్డా?" అని అడగండి. జవాబు చెబుతూనే తమ తప్పు తామే చూసుకుంటారు.

ఇప్పుడు చేతికివ్వండి. ఇద్దరిద్దరు లేదా ముగ్గురు ఒక గుంపు. ఒకే ముక్కను ఒకరికొకరు చూపించుకోకుండా కొలవాలి, తర్వాత పోల్చుకోవాలి. 0.04 కంటే ఎక్కువ తేడా వస్తే ఇద్దరూ మళ్లీ కొలవాలి. మీరు ఊరికే తిరుగుతూ పట్టు చూడండి. గట్టిగా నొక్కితే కొలత తగ్గుతుంది, వంకరగా పట్టుకుంటే పెరుగుతుంది. ఈ రెండూ కంటితో దొరుకుతాయి. చివరి పది నిమిషాల్లో ఒక్కొక్కరు ఒక్కో ముక్కను ఒంటరిగా కొలిచి చీటీ మీద రాసివ్వాలి. మీ జేబులోని చీటీతో సరిచూడండి. ఇరవైలో ఆరుగురు తప్పితే, మర్నాటి మొదటి పది నిమిషాలు ఆ ఆరుగురివి.

చేతులు వెనక్కి కట్టుకోండి

నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను. తొలి రోజుల్లో ఒక పిల్లవాడు ఆకురాయి పడుతూ ఎంతకూ సమతలం రాక చెమటలు కక్కుతున్నాడు. చూడలేక అతని చేతిలోంచి ఫైలు తీసుకుని ఐదు నిమిషాల్లో ముక్కను చదును చేసిచ్చాను. అతను సంతోషించాడు, నేనూ సంతోషించాను. మరుసటి పనికి అతను ముక్కను పట్టుకుని నేరుగా నా దగ్గరికి వచ్చాడు. నా పాఠాన్ని గమనిస్తున్న పెద్దాయన ఆ సాయంత్రం, నిలబడే తీరు సరిచేసి ఉంటే సరిపోయేదన్నారు. ఆ కుర్రాడి మోచేతి ఎత్తు కంటే వైస్ ఎత్తుగా ఉంది, కాళ్ల కింద ఒక చెక్క వేసి ఉంటే పని జరిగేది. నేను ముక్కను చూశాను, మనిషిని చూడలేదు.

అప్పటి నుంచి బెంచీల మధ్య తిరిగేటప్పుడు చేతులు వెనక్కి కట్టుకుని తిరుగుతాను. చూపించక తప్పకపోతే నా ముక్క మీద, నా వైస్‌లో చూపిస్తాను. పిల్లవాడి ముక్క మీద గీత పెట్టాల్సింది అతనే.

ఇందులో ఒక్కటే మినహాయింపు, భద్రత. పిడి లేని ఫైలు, వదులైన సుత్తి, కళ్లద్దాలు లేకుండా గ్రైండర్ దగ్గర మనిషి కనిపిస్తే వెంటనే ఆపండి. ఎలక్ట్రీషియన్ క్లాసులో స్టెయిర్‌కేస్ వైరింగ్ చేయిస్తుంటే కనెక్షన్లన్నీ కరెంటు లేకుండానే పూర్తవ్వాలి. సిరీస్ ల్యాంపుతో పరీక్షించాకే, మీరు పక్కన ఉన్నప్పుడే 230 వోల్టులు ఇవ్వాలి. ఈ నియమాన్ని మీరే తొందరలో ఒక్కసారి దాటితే, పిల్లలు దాన్ని జీవితాంతం దాటుతారు.

సాయంత్రం పుస్తకం

ప్రతి పాఠం తర్వాత ఏటీఓ గారిని పది నిమిషాలు అడిగి కూర్చోండి. "ఎట్లుంది సార్?" అంటే "బాగుంది" అంటారు, పెద్దమనుషులు నొప్పించరు. "వెనక వరసకు కనిపించిందా సార్? ఎవరు పని మొదలుపెట్టలేదు?" అని అడగండి. ఆయన చెప్పినవాటిలో ఒక్కటి మాత్రమే ఎంచుకుని మర్నాడు మార్చండి. ఐదు మార్పులు ఒకేసారి పెట్టుకుంటే ఏదీ నిలవదు.

మార్కులు వేసేటప్పుడు తయారైన ముక్కనొక్కటే చూడకండి. కొలత సరిగ్గా వచ్చినా, పనిముట్టును నేల మీద పడేసినవాడికీ తుడిచి పెట్టెలో పెట్టినవాడికీ తేడా కనిపించాలి. దేనికి ఎన్ని మార్కులో పని మొదలుకాకముందే బోర్డు మీద రాసిపెట్టండి.

గోడలు దాటి

ఐటీఐ పాఠ్యప్రణాళికను 2022లో సవరించాక ఏటా 150 గంటలు పని జరిగే చోట శిక్షణ గానీ గ్రూప్ ప్రాజెక్టు గానీ ఉండాలి. బోధకులు కావాలనుకునేవాళ్లు ఈ గంటల్లో పిల్లల వెంట వెళ్లడం నేర్చుకోవాలి. మన చుట్టూ చోట్లకు కొదవ లేదు. కాజీపేటలో రైల్వే షెడ్లు ఉన్నాయి, అక్కడే 2023 జులైలో రైల్వే తయారీ కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. గీసుగొండ, శాయంపేట వైపు కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు ఉంది. 2018లో జీఐ గుర్తింపు పొందిన మన తివాచీలు నేసే కొత్తవాడ మగ్గాలున్నాయి. మగ్గం దగ్గర ఒక పూట కూర్చోండి, అక్కడ పుస్తకం లేకుండా పని ఒక తరం నుంచి మరో తరానికి ఎలా వెళ్తోందో చూడండి. పెద్దవాళ్లు చాలా తక్కువ మాట్లాడతారు, పక్కవాళ్ల చేయి చాలాసేపు ఆడనిస్తారు.

జర్మనీలో కార్ఖానా లోపల అప్రెంటిస్‌లకు పని నేర్పే మనిషి కూడా బోధన రాదని తేలితే ఆ బాధ్యత తీసుకోలేడు. విడిగా పరీక్ష ఉంటుంది. అందులో ప్రాక్టికల్ భాగానికి 30 నిమిషాలు, ఒక పనిని ఎలా నేర్పుతాడో చేసి చూపించాలి లేదా వివరించాలి. మన దగ్గర కార్ఖానాల్లో అలాంటి నియమం లేదు కాబట్టి, పిల్లలు అక్కడికి వెళ్లినప్పుడు మీ బాధ్యత పెరుగుతుందే గాని తగ్గదు. ఏ రోజు ఏ పని చేతితో చేశారో వాళ్ల డైరీ చూడండి. రోజూ టీ తేవడం, ఊడవడం తప్ప ఏమీ లేకపోతే మేస్త్రీతో మర్యాదగా, గట్టిగా మాట్లాడండి.

తెలంగాణలో 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పనికి 2024 జూన్‌లో మల్లేపల్లిలో శంకుస్థాపన జరిగింది. సీఎన్‌సీ, రోబో వంటి ఖరీదైన యంత్రాలు వస్తున్నాయి. యంత్రం ఒకటి, పిల్లలు ఇరవై మంది. మీట నొక్కాలనే ఆశ మనకూ ఉంటుంది. అక్కడ చేతులు వెనక్కి కట్టుకోవడం ఇంకా కష్టం, ఇంకా అవసరం.

సీనియర్ ఏటీఓలకు ఒక మనవి. కొత్తగా వచ్చినవాళ్లను రిజిస్టర్లు రాయించడానికి, ఖాళీ పీరియడ్ నింపడానికి వాడుకోకండి. మీ క్లాసును వాళ్లకు అప్పగించి, వెనక కూర్చుని చూడండి, సాయంత్రం పది నిమిషాలివ్వండి. ఇక మీకు, రేపు మొదటి పాఠం చెప్పబోయే మిత్రులకు చెప్పేదొక్కటే. బెల్లు కొట్టడానికి అరగంట ముందే వర్క్‌షాప్‌కు చేరండి. వైస్‌లన్నీ ఒకసారి తిప్పి చూడండి, అట్ట నమూనాను గోడకు తగిలించండి, వెనక వరస నుంచి కనిపిస్తోందో లేదో మీరే వెళ్లి నిలబడి చూడండి.